యూ టీ బస్సు, తొమ్మిదో తరగతి తెలుగు

జురాంగ్ ఈస్ట్ క్యాంపస్‌కు ప్రిన్సిపాల్‌గా నన్ను నియమిస్తూ ట్రస్టు ఉత్తర్వు ఇచ్చింది కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, జూన్ సెలవుల్లో. అంతకుముందు పన్నెండేళ్లు అదే ట్రస్టు నడిపే పుంగ్గోల్ క్యాంపస్‌లో ఫిజిక్స్ చెప్పాను. అందులో చివరి నాలుగేళ్లు వైస్ ప్రిన్సిపాల్‌ని. పుంగ్గోల్ ఈ ద్వీపానికి ఈశాన్యపు అంచు, జురాంగ్ పడమటి వైపు. నేను ఇల్లు మారలేదు. రోజూ తెల్లవారగానే రైలెక్కి, మధ్యలో మారి, గంటంపావు ప్రయాణం చేసేవాణ్ణి.

మాది సింగపూర్ ప్రభుత్వ బడి కాదు. ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చిన భారతీయుల పిల్లలకు మన దేశపు బోర్డు సిలబస్ చెప్పే బడి. లాభం తీసుకోని ట్రస్టు నడుపుతుంది. ఫీజులే రాబడి. అందులోంచే అద్దె, జీతాలు, బస్సులు. పైన ట్రస్టు ఛైర్మన్, ఆయన కింద ఫైనాన్స్ మేనేజర్, ఒక్కో క్యాంపస్‌కు ఒక ప్రిన్సిపాల్. ఫీజు ఎంతో, అద్దె ఎంతో తేల్చే అధికారం ప్రిన్సిపాల్‌కు ఉండదు. టైమ్‌టేబుల్, టీచర్లు, బస్సు రూట్లు మాత్రం అతని చేతిలో ఉంటాయి. అంటే డబ్బు తక్కువైనప్పుడు అతను కోయగలిగినవి ఆ మూడే.

ఆ క్యాంపస్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. నాలుగంతస్తుల పాత భవనం. మూడో అంతస్తు వరండాలో నిలబడితే రైలు పట్టాలు ఎత్తుమీద కనిపించేవి. రైలు వెళ్తున్నంతసేపూ టీచర్లు మాట ఆపేవారు, వెళ్లగానే ఆపిన చోటి నుంచే అందుకునేవారు. కొత్తగా వచ్చిన నాకు అది వింతగా ఉండేది. రెండు నెలలకు నేనూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టాను. వానొస్తే అసెంబ్లీ క్యాంటీన్‌లోకి మారేది. ఒక పక్క ఇడ్లీ ఆవిర్లు, మరో పక్క ప్రార్థన. ఆలస్యంగా వచ్చే పిల్లలు ముందుగానే స్నేహితుల చేత బల్లల మీద టిష్యూ పొట్లాలు పెట్టించి చోటు 'చోప్' చేసుకునేవారు. ఇక్కడి ఫుడ్ సెంటర్లలో పెద్దలు చోటు పట్టుకోవడానికి చేసే పనే అది. ప్రార్థన బల్లలకు కూడా అది పాకిందని నవ్వుకునేవాళ్లం.

జూలైలో ఛైర్మన్ మీనాక్షిసుందరం గారు నన్ను పిలిపించారు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన తమిళులు, డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి. కోవిడ్‌లో వెనక్కి వెళ్లిన కుటుంబాలు చాలావరకు తిరిగి రాలేదనీ, జురాంగ్ భవనం అద్దె పెరిగిందనీ, ఆ ఏడాది మా క్యాంపస్ ఖర్చు రాబడిని దాటిపోతుందనీ చెప్పారు. రెండో టర్ము మొదలయ్యేలోగా నేను కోతల జాబితా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే క్యాంపస్ మూసి పిల్లల్ని పుంగ్గోల్‌కు పంపుతారు. యూ టీ, చోవా చు కాంగ్ పేటల వైపు నుంచి వచ్చే ఆరేళ్ల పిల్లలకు పుంగ్గోల్ అంటే పోను రాను మూడు గంటల బస్సు. అది చాలామందికి బడి మారడం కిందకే వస్తుంది.

నాకు తోడుగా ఫైనాన్స్ మేనేజర్ సియూ లింగ్‌ని ఇచ్చారు. చైనీస్ సింగపూరియన్, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నా పేరు ఓబులేశు. అది పలకలేక ఆమె మొదటిరోజే నన్ను మిస్టర్ ఓబు చేసింది. పనిలో మాత్రం ఒక్క అంకె తప్పనిచ్చేది కాదు.

మేమిద్దరం మూడు వారాలు కూర్చున్నాం. పదింటిదాకా ఏసీలు వేయకపోవడం, వాడని ల్యాబ్ కాంట్రాక్టు రద్దు లాంటి చిన్నవి పోగా పెద్దవి రెండు మిగిలాయి. ఒకటి, యూ టీ బస్సు రూటు. ఆ బస్సు సగానికి పైగా ఖాళీగా తిరుగుతోంది. దాన్ని తీసేస్తే ఆ పిల్లలు సిటీ బస్సులోనో రైల్లోనో రావాలి. రెండోది, రెండో భాషగా తెలుగు. ట్రస్టు నియమం ప్రకారం ఒక భాష తరగతి నడవాలంటే పన్నెండు మంది ఉండాలి. తొమ్మిదో తరగతిలో తెలుగు తీసుకున్నవాళ్లు తొమ్మిది మందే. కింది తరగతుల్లో ఇంకా తక్కువ.

తొమ్మిదో తరగతి విషయంలో ఒక చిక్కుంది. బోర్డు పరీక్ష పదో తరగతిలో అయినా, ఏ విద్యార్థి ఏ సబ్జెక్టులు రాస్తాడన్నది తొమ్మిదిలోనే, సెప్టెంబరు ప్రాంతంలో నమోదు చేస్తాం. ఒకసారి నమోదైతే భాష మార్చడానికి వీల్లేదు. కాబట్టి తెలుగు తీసేయాలంటే ఆ నమోదుకు ముందే తీసేయాలి. అప్పటికి సగం ఏడాది గడిచిపోయి ఉంటుంది. ఆ తొమ్మిది మంది హిందీనో ఫ్రెంచో అక్షరాల నుంచి మొదలుపెట్టి పద్దెనిమిది నెలల్లో బోర్డు పరీక్ష రాయాలి. నియమం ఒప్పుకుంటుంది కదా అని నేను ఒప్పుకున్నాను. నేను తెలుగువాణ్ణి కావడం కూడా అందుకు ఒక కారణం. తెలుగును మిగిల్చి మరొకటి కోస్తే, తనవాళ్లను చూసుకున్నాడని అంటారేమోనన్న భయం ఉండేది. ఆ భయాన్ని అప్పుడు నేను నిష్పక్షపాతం అనుకున్నాను.

ట్రస్టు ఆమోదించాక, ఈ రెండు కోతలూ తెలిపే సర్క్యులర్‌ను తల్లిదండ్రులకూ టీచర్లకూ ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం బడి వదిలాక పంపించాను. శుక్రవారం పంపితే శని, ఆదివారాల్లో వేడి తగ్గుతుందని ఉద్యోగంలో పాతబడ్డవాళ్లు చెప్పే చిట్కా. తగ్గలేదు. ఇంటికి చేరేలోగా తల్లిదండ్రుల గ్రూపుల్లోని సందేశాలు నా ఫోనుకే తిరిగి రావడం మొదలైంది. ఇన్నేళ్లు ఫీజులు కట్టించుకుని ఇప్పుడు చెప్తారా అని ఒకరు. క్యాంపస్ ఎలాగూ మూసేస్తారు, ఇదంతా నాటకం అని ఇంకొకరు. నేను తెలుగువాణ్ణని తెలిసినవాళ్లు రాసినవి ఇక్కడ రాయను.

సోమవారం ఉదయం అసెంబ్లీకి ముందు స్టాఫ్ రూమ్‌కు వెళ్లాను. తెలుగు టీచర్ పద్మావతి గారు బీరువా దగ్గర నిలబడి నోటుబుక్కులు సర్దుతున్నారు. అమలాపురం దగ్గరి ఊరు ఆమెది. ఆ బడిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నారు. పోతున్నది ఆమె ఉద్యోగమే. ఆ సంగతి ఆమెకు నా నోటితో కాక, అందరితోపాటు సర్క్యులర్‌లో తెలిసింది. ట్రస్టు ఆమోదించేదాకా ఎవరికీ చెప్పకూడదన్న నియమం నాకు అడ్డొచ్చిందని మొదలుపెట్టాను.

"నియమం సంగతి నాకు తెలుసు మాస్టారూ," అన్నారామె, బీరువా మూయకుండానే. "ఒక్క మాటే అడుగుతా. మీ సర్క్యులర్‌లో తెలుగును 'గిరాకీ తక్కువ ఉన్న భాష' అని రాశారు. గిరాకీ ఏవిటండీ? అదేవన్నా ఉల్లిపాయలా?"

గంట కొట్టారు. ఆమె పుస్తకాలు చంకన పెట్టుకుని, శనివారం తల్లిదండ్రులతో పెట్టిన సమావేశానికి టీచర్లూ రావచ్చా అని అడిగి, రావచ్చనగానే తరగతికి వెళ్లిపోయారు. ఆ మాట గ్రూపుల్లోని తిట్లన్నిటికంటే ఎక్కువ రోజులు నన్ను వదల్లేదు. ఆ పదం రాసినప్పుడు నేను ఇంగ్లీషులో రాశాను. ఇంగ్లీషులో అది ఎవరికీ తగలని మాటలా కనిపించింది.

శనివారం ఉదయం పదింటికి హాలు నిండిపోయింది. సీలింగు ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కాలు తడిసిపోతున్నాయి. ముందు వరసలో ఛైర్మన్, పక్కన సియూ లింగ్, ఆమె ఒళ్లో ల్యాప్‌టాప్. నేను వేదిక మీద నిలబడి, సర్క్యులర్‌లో ఉన్నదే కాస్త మెత్తగా మళ్లీ చెప్పాను. అయిపోయేదాకా ఎవరూ అడ్డు తగల్లేదు. దాన్ని నేను మంచి గుర్తు అనుకున్నాను.

మొదట లేచింది ప్రవీణ్. కరీంనగర్ మనిషి, ఒక బ్యాంకు ఐటీ విభాగంలో పని, ఉండేది యూ టీలో. ఆయన కూతురు అక్షర తొమ్మిదో తరగతి తెలుగులోనే ఉంది. అంటే నా జాబితాలోని రెండు పెద్ద కోతలూ ఆ ఇంటి మీదే పడ్డాయి. ఆయన ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండు వాక్యాలకే దాన్ని వదిలేశాడు.

"సార్, పైసలు తక్కువ పడ్డయంటే మాకు సమజైతది. మా ఆఫీసుల గూడ కోతలు వెట్టిన్రు. గని ఎంత తక్కువ పడ్డయో చెప్పకుండ, ఏడ కోస్తున్నరో మాత్రం చెప్తె ఎట్ల? మీరు మాకు తీర్పు చెప్పిన్రు సార్, లెక్క చెప్పలే."

తెలుగు రానివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. ఆ తర్వాత సభ నా చేతుల్లో లేదు. ఫీజు తిరిగిచ్చేయమన్నవాళ్లు, ప్రిన్సిపాల్ జీతం తగ్గించుకోమన్నవాళ్లు. బూన్ లే నుంచి వచ్చే ఒక గుజరాతీ తండ్రి లేచి, తొమ్మిది మంది భాషను ఉంచడానికి మిగతా పిల్లల బస్సులెందుకు పోవాలి, ఆ భాషకు అసలు ఎంత ఖర్చవుతోందో చెప్పండి అని అడిగాడు. తెలుగు తల్లిదండ్రులు అతని మీదికి లేచారు. అప్పటిదాకా నా మీదున్న కోపం ఒకరి మీద ఒకరికి మళ్లింది. నాకు కాస్త ఊపిరి అందింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక్క టీచరే చెప్పే సబ్జెక్టు ఖర్చు చెప్పడమంటే ఆ టీచర్ జీతం చెప్పడమే. జీతాలు గోప్యం. ఆ మాటే అన్నాను.

వెనక వరసలో టీచర్ల మధ్య నుంచి పద్మావతి గారు లేచారు.

"ఆయన అడిగేది నా జీతమే కదండీ. ప్రిన్సిపాల్ గారు చెప్పకూడదు. నేను చెప్పుకోవచ్చు." అది తెలుగులో నాతో అన్నది. తర్వాత హాలువైపు తిరిగి, ఇంగ్లీషులో, తన నెల జీతం సెంట్లతో సహా చెప్పారు. ఆ అంకె నేను ఇక్కడ రాయను. దాన్ని బయటపెట్టే హక్కు ఆమెది. వారానికి తెలుగు పీరియడ్లు ఎన్ని, లైబ్రరీలో తాను కూర్చునే పీరియడ్లు ఎన్ని, ఎవరైనా సెలవు పెడితే వాళ్ల తరగతుల్లో కూర్చునేవి ఎన్ని, అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. తెలుగు వాటా సగానికి రాలేదు. నా జాబితాలో ఆమె జీతం మొత్తం తెలుగు ఖాతాలో వేశాను. ఆమె వెళ్లిపోతే లైబ్రరీకి మరో మనిషి కావాలన్న ఖర్చు మా లెక్కలో ఎక్కడా లేదు.

బయట రైలు వెళ్లింది. అలవాటు కొద్దీ టీచర్లందరం అది వెళ్లేదాకా ఆగాం. ఆ గుజరాతీ తండ్రి మెల్లగా కూర్చుని, సారీ మేడమ్ అన్నాడు.

నేను ఛైర్మన్ వైపు చూశాను. ఆయన నేలవైపు చూస్తున్నారు. అప్పుడు నేను చేసిన పని నియమాలకు విరుద్ధం. సియూ లింగ్‌ను పిలిచి, ఆదాయ వ్యయాల పట్టిక తెర మీద వేయమన్నాను. ట్రస్టు అనుమతి లేకుండా బయటివారికి చూపకూడని పత్రం అది.

ఆమె తల ఎత్తి అడిగింది. "మిస్టర్ ఓబు, షూర్ ఆర్ నాట్?"

షూర్ అన్నాను.

"కెన్ లా," అని ఇక్కడి యాసలో సరేనంటూ, జీతాల వరసలు మాత్రం చకచకా దాచేసి, మిగతాదంతా తెర మీద పెట్టింది.

పట్టిక పైవరసలో అద్దె ఉంది, దాని కింద బస్సులు. తెలుగు ఎక్కడో అడుగున ఉంది. చూసినవాళ్లకు వివరణ అక్కర్లేకపోయింది. ఒక తల్లి లేచి, పిల్లలు తగ్గినప్పుడు బస్సు ఖర్చెందుకు తగ్గలేదని అడిగింది. సియూ లింగ్ చెప్పింది. బస్సు కంపెనీకి మేము పిల్లల లెక్కన కట్టం, బస్సు లెక్కన కడతాం. సగం ఖాళీగా వచ్చినా అంతే. యూ టీకి ఒకటి, చోవా చు కాంగ్‌కు ఒకటి. రెండూ సగం సగం ఖాళీవే.

"మరి రెండూ కలిపి ఒకటి చేయొచ్చు గద మేడమ్?" ప్రవీణ్ అడిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

చేయలేకపోవడానికి కారణం తల్లిదండ్రులే. ఏ పిల్లా డెబ్బై నిమిషాలకు మించి బస్సులో ఉండకూడదని మా నియమం. కానీ మూడేళ్ల కిందట వాళ్లే పట్టుబట్టి, ప్రతి ఫ్లాట్ల బ్లాకు కిందికీ బస్సు రావాలని సాధించుకున్నారు. ఒక్కో బ్లాకు కార్ పార్కులోకి దూరి, తిరిగి, బయటికి రావడానికే సమయమంతా పోతోంది. ఇది నేను మెత్తగానే చెప్పాను. హాల్లో కొందరు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తీర్మానం చేసిన కమిటీలో ప్రవీణ్ కూడా ఉన్నాడట. అతనే చెయ్యెత్తి ఒప్పుకున్నాడు.

సర్క్యులర్ అమలును రెండు వారాలు ఆపుతున్నట్టు చెప్పి సభ ముగించాను.

మర్నాడు ఆదివారం ఉదయం ఎనిమిదింటికి యూ టీ రైలు స్టేషన్ బయట కలుసుకున్నాం. ప్రవీణ్, మరో నలుగురు తల్లిదండ్రులు, సియూ లింగ్, నేను. సెలవురోజున ఆమె వస్తుందని నేను అనుకోలేదు. ఇక్కడివాళ్లు కోపీ అనే కాఫీ పోసిన ప్లాస్టిక్ సంచులు దారంతో వేలుకు తగిలించుకుని అందరికీ తెచ్చింది. మాతోపాటు రొహానీ ఆంటీ కూడా ఉంది. మలయ్ ఆవిడ, అరవై దాటాయి, యూ టీ బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే అటెండెంట్. ఏ బ్లాకులో ఎవరు ఆలస్యంగా దిగుతారో, ఎవరికి కడుపులో తిప్పుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ లేనిదే ఆ పని జరగదని ప్రవీణే ఫోన్ చేసి పిలిచాడు.

ఆ పూట నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పూటల్లో ఒకటి. మా పని బస్సు ఆగే చోట్లను తగ్గించడం. షరతు ఒక్కటే. ఇంటి నుంచి ఆగే చోటిదాకా పిల్లలు వానలో తడవకుండా నడవగలగాలి. ఇక్కడ ఫ్లాట్ల బ్లాకుల కింద గోడలు లేని ఖాళీ అంతస్తు ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు కప్పున్న నడకదారులు ఉంటాయి. ఎక్కడ కప్పు ఉంది, ఎక్కడ తెగిపోయింది, ఆరేళ్ల పిల్ల అడుగులతో ఎంతసేపు పడుతుంది అని మేమంతా పెద్ద పెద్ద మనుషులం చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ నడిచాం. ఉదయపు నడకకు వచ్చిన చైనీస్ ముసలివాళ్లు ఆగి చూశారు. ఒకాయన సియూ లింగ్‌ను ఏదో అడిగాడు. ఆమె జవాబుకు ఆయన నవ్వి, తానూ మాతోపాటు రెండు బ్లాకులు నడిచి, పిల్లలు దాటడానికి ఏ మూల ప్రమాదమో చూపించి వెళ్లాడు.

పదకొండు చోట్లు నాలుగయ్యాయి. ఐదోది ఒకటి ఉండాలని రొహానీ ఆంటీ పట్టుబట్టింది. ఒక బ్లాకులో కాలికి ఉక్కుపట్టీ వేసుకుని నడిచే నాలుగో తరగతి పాప ఉంది. కప్పున్న దారే అయినా ఆ పాప అంత దూరం నడవలేదు. వాళ్ల నాన్న ఆ ఆదివారం మాతోనే ఉన్నాడు, అయినా ఆ సంగతి ఎత్తలేదు. ఆంటీ చెప్పాక, "తను మెల్లగా అలవాటు పడుతుందిలెండి," అన్నాడు.

"ఆమె నడవదు సార్, బస్సే ఆడిదాక పోతది," అని ప్రవీణ్ కాగితం మీద ఐదో చుక్క పెట్టేశాడు.

చోవా చు కాంగ్ వాళ్లు కూడా ఆ వారమే తమ చోట్లు తగ్గించుకున్నారు. రెండు రూట్లు ఒకటయ్యాయి. ప్రయాణ సమయం నియమం లోపలే వచ్చింది. పద్మావతి గారి జీతం సరైన ఖాతాల్లో వేశాక, తెలుగు తీసేసినా మిగిలేది పెద్దగా లేదని తేలింది. బస్సుతో మిగిలింది, చిన్న కోతలు కలిపి ట్రస్టు పెట్టిన గీతను దాటాం. అక్షర వాళ్ల తరగతి తెలుగుతోనే బోర్డుకు నమోదైంది. కొత్తగా తెలుగులో చేర్చుకోవడం మాత్రం ఆపేశాం; ఆ తొమ్మిది మంది పది పూర్తయ్యాక తెలుగు ఉండదు. పన్నెండు మంది నియమాన్ని నేను మార్చలేకపోయాను. ఆ సంగతి తెలుగు తల్లిదండ్రులకు ఈసారి సర్క్యులర్‌లో కాకుండా కూర్చోబెట్టి చెప్పాను. పద్మావతి గారికి అందరికంటే ముందు, ఆమె లైబ్రరీలో ఉన్న పీరియడ్‌లో వెళ్లి చెప్పాను. ఆమె విని, "రెండేళ్లయితే రెండేళ్లే. వాళ్లని పరీక్ష గట్టెక్కిస్తా," అని మళ్లీ పుస్తకాలకు అట్టలు వేసుకోవడంలో పడ్డారు.

అనుమతి లేకుండా పత్రం చూపినందుకు ట్రస్టు నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చింది. అది నా ఫైలులో ఉంది, ఉండాల్సిందే. ఉత్తరం చేతికిస్తూ ఛైర్మన్, మీరు ముందే అడిగుంటే వద్దనేవాణ్ణి అన్నారు. ఆగి, అడగకపోవడమే మంచిదైంది అని తమిళంలో అన్నారు, ఉత్తరంలోకి ఎక్కని మాట కాబట్టి కాబోలు.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే అందరికీ మేలు జరిగినట్టు ఉంటుంది. అక్టోబరులో కొత్త రూటు మొదలైన రోజు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. బస్సులోంచి పిల్లల్ని దించింది వేరే అటెండెంట్. రెండు బస్సులకు ఇద్దరు అటెండెంట్లు. బస్సు ఒకటైతే ఒకరు చాలు. ఆ ఇద్దరిలో కంపెనీలో తర్వాత చేరింది రొహానీ ఆంటీ కాబట్టి ఆవిడనే తీసేసి, ఉత్తరాన ఇంకో బడి బస్సుకు వేశారు. ఆవిడ ఇల్లు యూ టీలోనే. కొత్త చోటికి వెళ్లాలంటే నాలుగున్నరకు లేవాలి. ఆదివారం పొద్దున మాతో నడిచి, చోట్లు తగ్గించడంలో అందరికంటే ఎక్కువ పనికొచ్చిన మనిషి, తన పనినే తగ్గించుకుంటున్నదని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడకు తట్టిందో లేదో నాకు తెలియదు.

బస్సు కంపెనీకి ఫోన్ చేశాను. ఆవిడ మా ఉద్యోగి కాదు, వాళ్ల ఉద్యోగి, ఒప్పందంలో మాకు ఆ హక్కు లేదన్నారు. ఆ మాట నిజమే. వారం తర్వాత సియూ లింగూ నేనూ ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాం. చివరికి డిసెంబరులో ఆవిడను ఇంటికి దగ్గరి రూటుకు మార్చారు. అది మా బడి బస్సు కాదు. మూడు నెలలు ఆవిడ నాలుగున్నరకు లేచింది. కనిపించినప్పుడు క్షమించమన్నాను. "నెవర్ మైండ్ లా, చిక్‌గూ," అంది. మలయ్‌లో చిక్‌గూ అంటే మాస్టారు. తర్వాత కాలి పట్టీ పాప ఎలా ఉందని అడిగింది.

మరుసటి విద్యా సంవత్సరం చివర అక్షర తరగతి పది పూర్తి చేసింది. తొమ్మిది మందీ తెలుగులో గట్టెక్కారు. ఆ ఏడాదే భవనం లీజు ముగిసింది. కొత్త అద్దె మేము కట్టగలిగేది కాదు. ఈసారి కోతలు సరిపోలేదు. జురాంగ్ ఈస్ట్ క్యాంపస్ మూతపడింది. దాన్ని మూయడమే ప్రిన్సిపాల్‌గా నా ఆఖరి పని. ఆ మార్చిలోనే నేనూ రిటైరయ్యాను.

మూసే సంగతి చెప్పడానికి మొదటి సమావేశం తల్లిదండ్రులతో పెట్టలేదు. క్లీనర్లు, సెక్యూరిటీ వాళ్లు, క్యాంటీన్ నడిపేవాళ్లు, బస్సు అటెండెంట్లు ముందు. వాళ్లెవరూ మా జీతపు పట్టికలో లేరు, అందరూ కాంట్రాక్టుల మనుషులే. ఆరు నెలల ముందుగా చెప్పాం. రెండో సమావేశం టీచర్లతో. మూడోది తల్లిదండ్రులతో, పట్టిక మొదటి నిమిషం నుంచే తెర మీద ఉంది, ఈసారి ట్రస్టు అనుమతితో. బాధపడినవాళ్లున్నారు. మేం ఇంకా ముందే జాగ్రత్త పడాల్సిందని గట్టిగా అన్నవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత న్యాయం కూడా ఉంది. దాచారని మాత్రం ఎవరూ అనలేదు.

బడి నడపబోయేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. డబ్బు తక్కువైందని జనం తిరగబడరు. ఎంత తక్కువైందో దాచి, ఎక్కడ కోస్తున్నామో మాత్రం చెబితే తిరగబడతారు. లెక్క ముందు పెడితే, మనకు తోచని దారి వాళ్లే వెతుకుతారు, తమకు అమరిన సుఖాన్ని కొంత వదులుకోవడానికి కూడా సిద్ధపడతారు. అయితే హాల్లో కూర్చున్నవాళ్లు తాము వదులుకోగలిగిందే చూస్తారు. హాలుకు పిలవనివాళ్లు ఏం వదులుకుంటున్నారో ఎవరికీ కనిపించదు. అది చూడాల్సిన పని ప్రిన్సిపాల్‌ది. మొదటిసారి నేను ఆ పని చేయలేదు.